మేడ మీద తోట, గదిలో చెమ్మ

కావ్యాలలో నాయకుడు నాయికను మొదటిసారి ఉద్యానవనంలో చూడటం ఒక మర్యాద. అతనికి శ్రమ లేకుండా చిగుళ్ళూ, తుమ్మెదలూ, మలయమారుతమూ ముందుగానే వచ్చి తమ తమ స్థానాలలో నిలబడి ఉంటాయి. ఈ కథలోని నాయకుడికి ఆ సదుపాయం లేదు. అతను ఆమెను చూసిన తావున ఉద్యానం ఇంకా పుట్టలేదు. ఉన్నవల్లా మండుటెండలో నీళ్ళు నిలిచిన సిమెంటు డాబా, దాని మూలన ఒక నీటిగొట్టం, ఆ గొట్టంలోకి మోచేతి దాకా దూరిన ఒక చెయ్యి.

చెయ్యి ఆమెది. డాబా అతని అత్తయ్యది. గొట్టంలోని గోనెపట్టా మాత్రం అతనిది.

"ఏమండీ! అక్కడేం చేస్తున్నారు?"

"అయిపోయిందండీ. ఇంకొక్క గుంజు!"

గోనెపట్టా ఊడి బయటికి వచ్చింది. డాబా అంతటా చీలమండ లోతున నిలిచి ఉన్న నీళ్ళు, బడి గంట విన్న పిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ గొట్టంలోకి పరుగెత్తాయి. ఆమె లేచి నిలబడి, మోచేతి నుంచి కారుతున్న బురదను లెక్కచేయక, యుద్ధం గెలిచిన ముఖంతో చెప్పింది.

"చూడండి, ఎవరో మహానుభావుడు గొట్టంలో గోనెపట్టా కుక్కిపోయాడు. డాబా మొత్తం చెరువు చేశాడు. ఇలా నీళ్ళు నిలబడితే వేళ్ళన్నీ కుళ్ళిపోవూ?"

"ఏ వేళ్ళు?"

"నేను పెట్టబోయే మొక్కల వేళ్ళు."

"ఆ మహానుభావుణ్ణి నేనేనండి."

ఆమె అతన్ని బూట్ల నుంచి పసుపుపచ్చ హెల్మెట్ దాకా ఒకసారి చూసింది.

"ఎందుకు కుక్కారు?"

"నీళ్ళు నిలబెట్టడానికి."

"ఎందుకు నిలబెట్టారు?"

"కింద గదిలోకి కారతాయో లేదో చూడటానికి. దీన్ని పాండింగ్ టెస్ట్ అంటారు. రెండు రోజులు కదపకూడదు."

"కారాయా మరి?"

"నిన్నటి నుంచి ఒక్క చుక్క కారలేదు. ఇప్పుడే మొత్తం కారిపోయాయి. మీ దయవల్ల."

ఆమె గొట్టం వంక చూసింది. చివరి నీళ్ళు గుటక వేసి వెళ్ళిపోయాయి.

"సారీ అండీ," అంది. అని, ఒక్క క్షణం ఆగి, "అయినా ఒక బోర్డు పెట్టుకోవచ్చుగా?" అని చేర్చింది. క్షమాపణలో సగం వెనక్కు తీసుకునే ఈ విద్య ఆమెకు పుట్టుకతో వచ్చినది.

అతను వాటర్‌ప్రూఫింగ్ ఇంజనీరు. పైకప్పులకు పూత పూసి, నీరు కిందికి దిగకుండా కాయడం అతని వృత్తి. తాను పూసిన కప్పు ఏదీ ఇంతవరకు కారలేదన్నది అతని జీవితానికి సారాంశం. సంతోషమూ దుఃఖమూ అతనికి ఎదురుకాలేదని కాదు. అవి కూడా పైపూత మీదనే నిలిచి, కాసేపటికి ఆరిపోతూ వచ్చాయి.

ఆమె తోటలు వేసే మనిషి. విశాలమైన తోటలు కావు. బాల్కనీలు, మెట్ల మలుపులు, కిటికీ అంచులు, ఒక కుర్చీ వేస్తే రెండో కుర్చీకి చోటు చాలని పెరళ్ళు. నర్సరీలో ఉద్యోగం మాని సొంతంగా పని మొదలుపెట్టింది ఈ వేసవిలోనే. ఎండలు ముదిరాక మొక్కలేమిటని లోకమంతా వెనక్కు తగ్గే కాలంలోనే తోట నిలబెట్టి చూపాలన్నది ఆమె పంతం. ఈ డాబా ఆమెకు తొలి పెద్ద పని. ఇది పచ్చగా నిలిస్తే ఎదురింటి డాక్టరు గారు తన రెండు బాల్కనీలూ ఆమెకే అప్పగిస్తానన్నారు. ఆయనను చూసి ఆ వీధిలో మరికొందరు ముందుకు వచ్చే సూచనలున్నాయి. ఇది ఎండితే మాత్రం, నర్సరీ గుమ్మంలో పాత యజమాని చిరునవ్వును ఎదుర్కోవాలి. మండుటెండ కంటే ఆ చిరునవ్వంటేనే ఆమెకు భయం.

తగవు అత్తయ్య ముందుకు వెళ్ళింది. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన ఆవిడ ఇరుపక్షాలనూ ముందుగదిలో నిలబెట్టి విన్నారు.

"తప్పు ఇద్దరిదీ. చెరి సగం," అని తేల్చారు.

"అత్తయ్యా, నాదేం తప్పు? డాబా మీద నీళ్ళుంటే టెస్టని ఎవరికైనా తెలుస్తుంది."

"నీలాంటివాళ్ళకి తెలుస్తుందిరా. మామూలు మనుషులకి గొట్టం పూడిందనే అనిపిస్తుంది."

"ఆంటీ, నా నారు ట్రేలన్నీ మెట్ల మీదే ఉన్నాయి. మళ్ళీ రెండు రోజులంటే వాడిపోతాయి."

"ఏం చేస్తాం తల్లీ, రూలు రూలే. వీడు కప్పు బాగుందంటేనే తోట. ఆ తర్వాత కూడా ఈ గది సీలింగు మీద చెమ్మ మచ్చ కనబడిందో, తోట కిందికి దిగాల్సిందే. ఈయన చెమ్మలో కూర్చోలేరు."

ఈయన అనగా మామయ్య. జీవితమంతా రైలు గార్డుగా చివరి పెట్టెలో నిలబడి లోకాన్ని వెనక్కు వెళుతుండగా చూసినందువల్ల ఆయనకు దేనిమీదా పెద్ద ఆశ్చర్యం మిగలలేదు. పేము కుర్చీలో పేపరు చదువుతూ స్థితప్రజ్ఞుడిలా ఉండేవారు. ఒక్క అలవాటు మాత్రం ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చింది. ఏది రాబోతున్నా దానికంటే ముందే లేచి సిద్ధంగా ఉండటం.

గొట్టాలు మళ్ళీ మూశారు. డాబా మళ్ళీ నిండింది. కావ్యాలలో ఉద్యానవిహారం అయ్యాక జలక్రీడ రావాలి. ఇక్కడ జలక్రీడే ముందు వచ్చింది; అదైనా ఇంజనీరింగు పద్ధతిలో.

"ఎడారి గారూ," అని పిలిచింది ఆమె మెట్ల తలుపు దగ్గర నిలబడి. అప్పటికి అతనికి ఆ పేరు ఖాయమైంది.

"చెప్పండి, వర్షాకాలం గారూ."

"మీ నీళ్ళు రెండు రోజులు ఊరికే ఉంటాయి కదా. నా కలువ కుండీలు అందులో పెట్టుకోనా? మెట్ల మీద ఉడికిపోతున్నాయి పాపం."

"టెస్ట్ జరుగుతుంటే ఏ వస్తువూ పెట్టకూడదు."

"టెస్ట్ నీళ్ళకా, కలువలకా?"

"కుండీ అడుగు గీసుకుంటే పూత లేచిపోతుందండీ."

"అయితే గీసుకోకుండా పెడతాను."

"ఎలా?"

"అది మీరే చెప్పాలి. ఇంజనీరు మీరు కదా."

అతను కిందికి వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో మందపాటి ఫోమ్ షీటు ఉంది. కుండీల అడుగుల కొలతలు తీసి, గుండ్రంగా కోసి, అంచులు కూడా నున్నగా చేసి ఒక్కొక్క కుండీ కింద అమర్చాడు. ప్రేమికులు పూలు ఇస్తారని వింటాము. అతను ఇచ్చిన తొలి కానుక ఫోమ్ షీటు. అది కానుక అని ఇద్దరికీ తెలియలేదు. మెట్ల తలుపు సందులోంచి చూస్తున్న అత్తయ్యకు తెలిసింది.

కప్పు పరీక్ష నెగ్గింది. సీలింగు పొడిగా, తెల్లగా, నిర్వికారంగా ఉంది. అతను గొట్టాలు తెరిచి, సామాను సర్దుకుని, "ఇక నా పని అయిపోయింది, వెళ్ళొస్తా అత్తయ్యా," అన్నాడు. అని, మెట్లు దిగినవాడు మళ్ళీ ఎక్కి, పొడిగా ఉన్న గొట్టాన్ని ఒకసారి తొంగి చూశాడు. మళ్ళీ దిగాడు. గేటు దాకా వెళ్ళి, టేపు మరిచిపోయానంటూ వచ్చాడు. టేపు అతని జేబులోనే ఉంది.

"ఏమండీ, వీడి సంగతి చూశారా?" అన్నారు అత్తయ్య.

"సిగ్నల్ పడలేదు. అందుకే బండి కదలడం లేదు," అన్నారు మామయ్య పేపరు వెనుక నుంచి.

తరువాతి వారంలో తోట లేచింది. ఆమె పద్ధతి చూసినవాళ్ళకు మొదట జాలి కలిగేది, ఎందుకంటే మెట్ల మీదికి వచ్చిన సామానంతా పాత ఇనుము కొట్టుకు వెళ్ళవలసినదే. విరిగిన చెక్క నిచ్చెన ఒకటి. చిల్లుల గిన్నెలు. ఊచలు వంగిన గొడుగు. ఎవరో పారేసిన స్నానాల తొట్టి.

నిచ్చెన గోడకు ఆని మెట్టుకొక వరుస పుదీనా, తులసి, ఉల్లికాడలు మోసింది. చిల్లుల గిన్నెలు గొలుసులతో వేలాడి నీళ్ళు నిలవని బుట్టలయ్యాయి. వాటి అంచుల మీదుగా టేబుల్ రోజ్ పూలు కిందికి జారాయి. తలకిందులుగా వేలాడిన గొడుగులో జిన్నియాలు. తొట్టిలో కలువలు. పడమటి వైపు తాళ్ళు కట్టి, కుండీలో అప్పటికే ఎదిగిన చిక్కుడు తీగను ఎక్కిస్తే, అది ఎండకు తెర అయింది. ఆ తెర వెనుక నీడలో ఎండకు ఓర్వని మొక్కలన్నీ, బాటసారులు ఒకే గొడుగు కింద చేరినట్లు, గుంపుగా సర్దుకున్నాయి.

"ఒక్కొక్కటి విడివిడిగా పెడితే ఎండ దాన్ని పట్టుకుంటుంది ఆంటీ. దగ్గర దగ్గరగా పెడితే ఒకదానికొకటి నీడ ఇచ్చుకుంటాయి. మట్టి మీద కొబ్బరి పీచు కప్పండి, తడి ఆరదు. నీళ్ళు మాత్రం ఎండ రాకముందే."

"పురుగు పడితే?"

"దానికి వెల్లుల్లి కషాయం. ఇదిగో, పొడుగు పిచికారీలో పోసి ఇచ్చాను. పైన వేలాడే బుట్టలక్కూడా అందుతుంది. మెడ నొప్పి పుట్టదు."

అత్తయ్య ఆ పిచికారీని అటూ ఇటూ తిప్పి చూశారు. గొట్టం పొడవును కంటితో కొలిచారు. సీలింగు ఎత్తును కూడా కొలిచారు. లెక్కల టీచరు.

మరునాటి ఉదయం మేనల్లుడికి ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, కొంప మునిగింది. సీలింగు మీద చెమ్మ. మీ మామయ్య కుర్చీకి సరిగ్గా పైన."

"అసంభవం అత్తయ్యా."

"అసంభవమో సంభవమో నాకు తెలియదు. తడిగా ఉంది. వచ్చి చూడు."

అతను వచ్చాడు. మచ్చ నిజమే. అరచేయంత మచ్చ, నడుమ ముదురుగా, అంచుల వైపు పలుచగా, చూడటానికి ఎంతో నిజాయితీగా ఉంది. దాని నుంచి ఒక చుక్క జారి పేము కుర్చీ మీద పడింది. కుర్చీ ఖాళీగా ఉంది. మామయ్య అప్పటికే కిటికీ దగ్గరికి వెళ్ళి స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

ఆమె కూడా పరుగున వచ్చింది. ఇద్దరూ సీలింగు వంక తలలెత్తి నిలబడ్డారు.

"పైన ఏమున్నాయి ఇక్కడ?" అన్నాడతను.

"జిన్నియా గొడుగు. నీళ్ళు కిందికి పోయే చోట బకెట్ పెట్టాను. ఒక్క చుక్క డాబా మీద పడదు."

"మరి ఇదేమిటి?"

"మీ పూత."

"నా పూతా?"

"రెండు రోజులు చెరువు మోసింది, గొడుగు మోయలేకపోయింది. దీన్ని పూత అంటారా, పౌడరు అంటారా?"

"జరపండి గొడుగును. తూర్పువైపు."

గొడుగు తూర్పుకు వెళ్ళింది. ఆ మరునాడు మచ్చ కూడా తూర్పుకు వెళ్ళింది. కలువ తొట్టిని ఉత్తరానికి లాగితే, మచ్చ ఉత్తరాన తేలింది. ఏ శాస్త్రంలోనూ ఇటువంటి చెమ్మ చెప్పబడలేదు. అది గోడల వెంట పాకదు, పాతబడి పసుపెక్కదు, మధ్యాహ్నానికి మాయమై ఉదయానికి కొత్తగా పుడుతుంది. ఇంజనీరుకు తన చదువు మీద నమ్మకం సడలసాగింది. కానీ ప్రతి ఉదయమూ షర్టు ఇస్త్రీ చేసుకుని వచ్చేవాడు. చెమ్మను చూడటానికి ఇస్త్రీ షర్టు దేనికని అతన్ని ఎవరూ అడగలేదు.

ఇద్దరూ కలిసి కుండీలు మోసేవారు. మోస్తూ తగువులాడేవారు. తగువు అయ్యాక చిక్కుడు తెర నీడలో కూర్చుని నీళ్ళు తాగేవారు.

"మీ హెల్మెట్ పగిలినట్టుందే," అంది ఆమె ఒకరోజు.

"బీటవేసింది. పారేయాలి."

"పారేయడమెందుకండీ? ఇవ్వండి. వేలాడదీస్తే టేబుల్ రోజ్‌కి భలే ఉంటుంది. అడుగున బెజ్జాలు కొట్టాలి, అంతే."

"బెజ్జాలా?"

"మరి నీళ్ళు కారొద్దూ?"

"నీళ్ళు కారడానికి నా చేత్తో నేను బెజ్జాలు కొట్టాలా?"

"మీ చేత్తోనే కొట్టాలి. నా దగ్గర డ్రిల్లు లేదు."

అతను కొట్టాడు. తలవంచుకుని, ఏదో పాపం చేస్తున్నవాడిలా, అయినా ఎంతో పొందికగా. మర్నాటికి ఆ పసుపుపచ్చ హెల్మెట్ అంచున గులాబీరంగు పూలు తలలు బయటపెట్టాయి. ఆమె దాన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం మిగతా హెల్మెట్లన్నీ బద్దలు కొట్టవచ్చునా అని అతను ఆలోచించి, తాను పనిచేసే సంస్థ ఒప్పుకోదని విరమించుకున్నాడు.

ఇంతవరకు అంతా అత్తయ్య లెక్క ప్రకారమే నడిచింది. ఆవిడ లెక్కలోకి తీసుకోనిది ఒకటి ఉంది. వీధికి కళ్ళుంటాయి.

ఒక ఉదయం ఆమె వచ్చేసరికి ముఖం వాడి ఉంది.

"డాక్టరు గారు వద్దన్నారు," అంది. "మీ తోట వల్ల ఆ ఇల్లు కారుతోందట కదా అన్నారు. రోజూ ఇంజనీరు వచ్చి చూసి వెళుతున్నాడట కదా అన్నారు. పక్కింటివాళ్ళు కూడా ఆలోచించి చెబుతామన్నారు. ఇక చెప్పరు."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది.

అతను ఆ మాటలు సరిగా వినలేదు. ఆ సమయానికి తాను తెచ్చుకున్న ఇనుప నిచ్చెన ఎక్కి మచ్చకు ముఖం ఆనించి ఉన్నాడు. వేలితో తడిమాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అతని ముఖం మీద మొదట అనుమానమూ, తరువాత వెలుగూ, ఆ వెనుక చెప్పుకోలేని ఆనందమూ కనబడ్డాయి. ఆ ఆనందమే కొంప ముంచింది.

"ఇది పైనుంచి దిగిన నీరు కాదు," అన్నాడు దిగుతూ. "కింది నుంచి పిచికారీ కొట్టిన నీరు. వెల్లుల్లి వాసన. మీ కషాయం."

"అయితే?"

"అయితే... మీరే కదా?"

"నేనే ఏమిటి?"

"అంటే, నేను రోజూ రావాలని..."

ఆమె అతని వంక చూసింది. ఆ చూపును వర్ణించడానికి కలువలూ లేళ్ళూ పనికిరావు.

"మీరు రావడం కోసం," అంది నెమ్మదిగా, "నా తోట కారుతోందని వీధంతా అనుకునేలా నేనే నీళ్ళు కొట్టానా? నా బతుకుతెరువు నేనే చెడగొట్టుకుని, మీ దర్శనం చేసుకుంటున్నానా?"

"నా ఉద్దేశం అది కాదండీ..."

"అదే. రేపొద్దున వ్యాను తెస్తాను. మొక్కలన్నీ తీసుకుపోతాను. మీ కప్పు మీకు పొడిగా ఉంటుంది, హాయిగా కూర్చోండి. మీ హెల్మెట్ అక్కడే వదిలేస్తాను."

మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు దూరమైంది. ఇక విరహం. కావ్యాలలో ఈ ఘట్టంలో వెన్నెల మండుతుంది, చందనం కాలుస్తుంది, చల్లగాలి శత్రువవుతుంది. అతనికి అవేమీ అందుబాటులో లేవు. వేలికి అంటిన వెల్లుల్లి వాసనే మిగిలింది. దానితోనే విరహపడవలసి వచ్చింది.

అతను స్టూలు మీద కూలబడి ఉండగా మామయ్య లేచారు. పేపరు మడిచి, పేము కుర్చీని దాని తావు నుంచి జరిపి, పుస్తకాల అలమర పక్కకు ఈడ్చుకుపోయారు.

"ఇప్పుడెందుకు మామయ్యా జరపడం? అక్కడ బాగానే ఉందిగా?"

"ఇవాళ బాగానే ఉంది. రేపు అక్కడ కారుతుంది అల్లుడూ."

"మీకెలా తెలుసు?"

"టైంటేబుల్ తెలుసు కనక."

అతను కుర్చీని చూశాడు. సీలింగును చూశాడు. మచ్చ పుట్టిన ప్రతి ఉదయమూ మామయ్య ఒక్క చుక్కకైనా తడవకపోవడం అతనికి అప్పుడు గుర్తుకు వచ్చింది. వంటింటి తలుపు చాటున పొడుగు పిచికారీ నిలబెట్టి ఉండటం కూడా అప్పుడే కనబడింది.

"అత్తయ్యా!"

అత్తయ్య వచ్చారు.

"నువ్వేనా?"

"టేపు జేబులో పెట్టుకుని టేపు కోసం వచ్చినవాణ్ణి ఏం చేయమంటావురా? పని అయిపోయిందంటూ వెళ్ళిపోతుంటివి. నీ అంతట నువ్వు ఒక మాట చెప్పేవాడివా? ఈ జన్మకి చెప్పవు. అందుకని చిన్న చెమ్మ..."

"చిన్న చెమ్మా? ఆ అమ్మాయికి వచ్చిన పనులన్నీ పోయాయత్తయ్యా!"

"విన్నాను," అన్నారు అత్తయ్య. గొంతు తగ్గింది. "గిన్నె నా చేతిలోంచే పడింది. పిల్లల తప్పులు దిద్దుతూ ముసలిదాన్నయ్యాను, నా లెక్కే తప్పింది. డాక్టరు గారితో నేను చెబుతాను. ఈ వీధిలో ఎవరెవరు విన్నారో అందరితోనూ చెబుతాను. సిగ్గు నాది, నేనే పడతాను. మరి నీ సంగతి?"

"నా సంగతేమిటి?"

"ఆ పిల్లని అంత మాట అన్నది నేను కాదుగా?"

అత్తయ్య చెప్పులు వేసుకుని వెళ్ళారు. జీవితంలో ఎన్నడూ తప్పు ఒప్పుకుని ఎరుగని ఆవిడ ఆ సాయంకాలం ఇంటింటికీ తిరిగి ఒప్పుకున్నారు. డాక్టరు గారు మొదట కోపగించుకుని, తరువాత కడుపు పట్టుకుని నవ్వి, ఆ పొడుగు పిచికారీ ఎక్కడ దొరుకుతుందో అడిగారట. ఆయనకూ ఒక పెళ్ళికాని కొడుకు ఉన్నాడు.

మరునాడు ఉదయం ఆకాశం మబ్బుపట్టింది. ఇంటిముందు వ్యాను ఆగింది. ఆమె ఎవరినీ పలకరించకుండా మెట్ల వైపు నడుస్తుండగా ముందుగది లోంచి పిలుపు వినబడింది.

"ఒక్క నిమిషమండీ. చెమ్మ వచ్చింది."

"మీ అత్తయ్య గారు నిన్న మా ఇంటికి వచ్చి అంతా చెప్పారు. చాలా పెద్దమనసుతో చెప్పారు. ఇంకా చెమ్మ ఏమిటి?"

"ఇది అత్తయ్యది కాదు. చూడండి."

ఆమె గుమ్మంలోకి వచ్చింది. సీలింగు మీద మచ్చ ఉన్న మాట నిజం. మునుపటి మచ్చల పొందిక దీనికి లేదు. సగం గది మీదికి అడ్డదిడ్డంగా పాకింది, గోడ మీదికి జారింది, కిటికీ తెరను తడిపింది. దాని కింద, ఇస్త్రీ షర్టు నిలువునా తడిసి, చేతిలో పొడుగు పిచికారీ పట్టుకుని, ఒక్క చుక్క కారనివ్వనని శపథం చేసిన ఇంజనీరు నిలబడి ఉన్నాడు.

"ఎవరు చేశారిది?" అంది.

"నేనే."

"ఎందుకు?"

"మీరు వచ్చి చూడాలని."

సీలింగు నుంచి ఒక చుక్క జారి అతని ముక్కు మీద పడింది. అతను తుడుచుకోలేదు.

"నిన్న మీరే చేశారని అన్నాను," అన్నాడు. "తప్పే. మీ పని పోయిందని మీరు చెబుతుంటే నేను వినలేదు. అది ఇంకా పెద్ద తప్పు. కానీ అలా ఎందుకన్నానంటే... మీరు చేసి ఉంటే ఎంత బాగుండునో అని. నా కోసం ఎవరైనా ఒక సీలింగు తడుపుతారని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ ఆశ ముందు బుర్ర పనిచేయలేదు."

"ఇంజనీర్లకి ఆశలుంటాయా?"

"ఉంటాయండీ. పైకి రానివ్వకుండా పూత వేసుకుంటాం. హెల్మెట్‌కి బెజ్జాలు కొట్టించారు కదా మీరు, అప్పట్నుంచి పని చెడింది."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికి మనుషులు చేసే పనే అది, కోపానికి కాదు. తలుపు పక్కన ఊపిరి బిగబట్టి నిలబడిన అత్తయ్యకు ఆ తేడా తెలుసు.

"ముందు ఆ పిచికారీ ఇటివ్వండి," అంది. "ఇందులో కషాయం ఉందా, నీళ్ళా?"

"కషాయమే. నీళ్ళు పోయాలని తోచలేదు."

"రెండు వారాలకి సరిపడా చేసి ఇచ్చాను! మొత్తం సీలింగుకి పట్టించారా? మళ్ళీ ఆ వెల్లుల్లి ఎవరు వొలుస్తారు?"

"నేను వొలుస్తాను."

"రోజూ?"

"రోజూ."

సరిగ్గా అప్పుడు మేడ మీద వాన మొదలైంది. వేసవి వాన; చెప్పకుండా వచ్చి, వచ్చినంతసేపూ గట్టిగా మాట్లాడే చుట్టంలాంటిది. వాన చిల్లుల గిన్నెల మీద మోగింది, గొడుగు మీద మోగింది, కలువ తొట్టిలో మోగింది. గదిలోని నలుగురూ తలలెత్తి సీలింగు వంక చూశారు. కషాయం తడిపినంత మేర తప్ప ఎక్కడా కొత్త చుక్క లేదు.

"కారడం లేదే," అన్నారు అత్తయ్య, ఆవిడ గొంతులో కొంచెం నిరాశ కూడా ఉంది.

"నా పూత అత్తయ్యా," అన్నాడతను.

"నా కుండీలు కూడా," అంది ఆమె.

ఆమె గుమ్మం దాకా వెళ్ళి వాన చప్పుడు మీదుగా వ్యాను డ్రైవరును కేకేసింది. "అన్నా, ఇవాళ వద్దు! మొక్కలు ఎక్కడికీ రావడం లేదు!" అని, వెనక్కు తిరిగి, అతనితో, "ఎడారి గారూ, చూస్తూ నిలబడతారేమిటి? పైన గొట్టంలో ఆకులు అడ్డం పడి ఉంటాయి. రండి. ఈసారి మీరు చెయ్యి పెట్టండి," అంది.

ఇద్దరూ వానలోకి పరుగెత్తారు. మేడ మెట్ల మీద తగువు వినబడింది, తరువాత నవ్వు వినబడింది, ఆ తరువాత వాన ఒక్కటే వినబడింది.

మామయ్య పేపరు మడిచారు. లేచి పేము కుర్చీని గోడ వారకు ఈడ్చారు. స్టూలును కూడా తీసుకుపోయి దాని పక్కన పెట్టారు. గది నడుమ విశాలంగా చోటు ఏర్పడింది.

"మళ్ళీ ఏమిటండీ?" అన్నారు అత్తయ్య కంగారుగా. "నేను ముట్టుకోలేదు! పిచికారీ ఆ పిల్ల దగ్గరే ఉంది!"

"చెమ్మ కోసం కాదు," అన్నారు మామయ్య. "ఇరువైపుల వాళ్ళూ మాట్లాడుకోవడానికి వస్తారుగా. అంతమందికి చోటు ఎక్కడుంది?"

"ఎవరు చెప్పారు మీకు?"

ఆయన మేడ వైపు చెవి ఒగ్గి ఒక క్షణం విన్నారు.

"సిగ్నల్ పడింది," అన్నారు.